ఒహాయో స్టేట్‌ను దృష్టిలో పెట్టుకొని కట్టిన డిఫెన్స్

ఈ శనివారం, అంటే 2023 నవంబరు 25న, మధ్యాహ్నం 12 గంటలకు ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ స్టేడియంలో మిషిగన్, ఒహాయో స్టేట్ కళాశాల అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు తలపడబోతున్నాయి. రెండు జట్లూ ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచి వస్తున్నాయి. ప్లేఆఫ్ కమిటీ ర్యాంకుల్లో ఒహాయో స్టేట్ 2వ స్థానంలో, మిషిగన్ 3వ స్థానంలో ఉన్నాయి. గెలిచిన జట్టు వచ్చే వారం ఇండియానాపొలిస్‌లో అయోవాతో, ఈ జట్లన్నీ ఉన్న బిగ్ టెన్ లీగ్ టైటిల్ కోసం ఆడుతుంది. ఓడిన జట్టుకు జాతీయ ఛాంపియన్‌షిప్ దారి దాదాపు మూసుకుపోతుంది. 1897లో మొదలైన ఈ పోటీలో ఇంత బరువున్న మ్యాచ్‌లు అరుదు.

వారం రోజులుగా అందరూ ఒహాయో స్టేట్ రిసీవర్ (పాస్‌లు పట్టే ఆటగాడు) మార్విన్ హ్యారిసన్ జూనియర్ క్యాచ్‌ల గురించి, మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) జె.జె. మెకార్తీ చీలమండ గురించి, సస్పెన్షన్‌లో ఉన్న మిషిగన్ కోచ్ జిమ్ హార్బా గురించి మాట్లాడుతున్నారు. నేను మాత్రం మిషిగన్ డిఫెన్స్ గురించి రాయదలచుకున్నాను. 11 మ్యాచ్‌లలో ఈ డిఫెన్స్ ఉన్న జట్టు ప్రత్యర్థులకు ఇచ్చిన పాయింట్లు మొత్తం 99. సగటున మ్యాచ్‌కు సరిగ్గా 9. ఇంత తక్కువ ఇచ్చిన జట్టు ఈ సీజన్‌లో దేశంలో మరొకటి లేదు. అతి దగ్గరగా ఉన్న పోటీదారు కూడా ఎదురుగా నిలబడబోయే జట్టే, ఎందుకంటే ఒహాయో స్టేట్ ఇచ్చింది 102.

అయితే ఈ అంకెను చూసి నిశ్చింతగా కూర్చోగల మిషిగన్ అభిమాని ఎవరూ ఉండరు. 2018 నవంబరులో కూడా మిషిగన్ దేశంలోనే అత్యుత్తమ డిఫెన్స్ అన్న పేరుతో, 10 విజయాలు, ఒకే ఒక్క ఓటమితో, 4వ ర్యాంకుతో ఒహాయో స్టేట్ సొంత ఊరు కొలంబస్ వెళ్లింది. ప్రత్యర్థికి ఇచ్చే గజాల లెక్కలో అప్పుడు దానిదే మొదటి స్థానం. ఆ రోజు ఒహాయో స్టేట్ 62 పాయింట్లు కొట్టింది. వారి క్వార్టర్‌బ్యాక్ డ్వేన్ హాస్కిన్స్ ఒక్కడే 6 టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం) పాస్‌లు విసిరాడు. మరుసటి సంవత్సరం ఆన్ ఆర్బర్‌లో, సొంత ప్రేక్షకుల ముందే, 56 పాయింట్లు ఇచ్చుకున్నాం, వారి రన్నింగ్‌బ్యాక్ (బంతితో పరిగెత్తే ఆటగాడు) జె.కె. డాబిన్స్ 200 గజాలకు పైగా పరిగెత్తి 4 టచ్‌డౌన్లు చేశాడు. కాబట్టి ఈ పోటీ ముందు అడగవలసిన ప్రశ్న మన డిఫెన్స్ ఏ ర్యాంకులో ఉందన్నది కాదు. 2018లో మొదటి స్థానంలో నిలిచిన డిఫెన్స్‌కూ, ఇప్పుడు మొదటి స్థానంలో ఉన్న డిఫెన్స్‌కూ నిర్మాణంలో తేడా ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఉందని నా దృఢమైన అభిప్రాయం. అంతేకాదు, ఆ తేడాను పుట్టించింది ఒహాయో స్టేటే.

ఈ ఆటకు కొత్తవారి కోసం రెండు మాటలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు 10 గజాలు ముందుకు పోవడానికి 4 అవకాశాలు ఉంటాయి. పోతే మళ్లీ 4 అవకాశాలు వస్తాయి, పోలేకపోతే బంతి ఎదుటి జట్టుదవుతుంది. డిఫెన్స్‌లో ఉన్న 11 మంది పని ఆ 10 గజాలను దక్కనివ్వకపోవడం. ముందు వరుసలో నిలిచేవారు డిఫెన్సివ్ లైన్, వారి వెనక లైన్‌బ్యాకర్లు, ఆ వెనక పాస్‌లను అడ్డుకునే కార్నర్లు, సేఫ్టీలు.

2016 నుంచి 2020 వరకు మిషిగన్ డిఫెన్స్‌ను నడిపిన డాన్ బ్రౌన్ పద్ధతి దూకుడు మీద ఆధారపడింది. క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎక్కువ మందిని పంపాలి, వెనక ఉన్న కార్నర్లు ఒక్కొక్కరు ఒక్కొక్క రిసీవర్‌ను ఒంటరిగా, దగ్గరగా పట్టుకోవాలి. బిగ్ టెన్‌లోని చాలా జట్ల మీద ఇది అద్భుతంగా పనిచేసింది, ఎందుకంటే ఆ జట్ల రిసీవర్లలో మన కార్నర్లను పరుగులో ఓడించగలవారు తక్కువ. ఒహాయో స్టేట్‌కు మాత్రం అలాంటివారు ముగ్గురు నలుగురు ఎప్పుడూ ఉంటారు. వారు తమ రిసీవర్లను మైదానం మధ్యలో ఒకరికొకరు అడ్డంగా పరిగెత్తించారు. వెంటపడిన మన ఆటగాళ్లు ఒకరి దారికి ఒకరు అడ్డమై అడుగు వెనకబడ్డారు, ఆ అడుగే 20 గజాలుగా, 30 గజాలుగా మారింది. ఒంటరి పోరాటంలో ఒక్కరు ఓడితే వెనక ఆదుకునే దిక్కులేని ఏర్పాటు అది. బలహీన జట్ల మీద సంపాదించిన గొప్ప అంకెలన్నీ ఒక్క సాయంత్రంలో కొట్టుకుపోవడానికి కారణం ఆటగాళ్ల అశక్తత కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

2020లో కోవిడ్ కారణంగా ఈ మ్యాచ్ జరగలేదు. ఆ సీజన్ తరువాత హార్బా తన అన్న జాన్ కోచ్‌గా ఉన్న ప్రొఫెషనల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్ నుంచి మైక్ మక్డానల్డ్‌ను డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా (డిఫెన్స్‌ను నడిపే కోచ్‌గా) తెచ్చాడు. ఒక్క సంవత్సరం పనిచేసి ఆయన తిరిగి రేవెన్స్‌కు వెళ్లిపోతే, అదే రేవెన్స్ బడిలో నాలుగేళ్లు గడిపిన జెస్సీ మింటర్ 2022లో వచ్చాడు. మనిషి మారినా పద్ధతి మారకపోవడం, ఆటగాళ్లు అవే పేర్లతో, అవే సూత్రాలతో మూడవ సంవత్సరం ఆడుతూ ఉండడం ఈ డిఫెన్స్ బలానికి మూలమని నేను నమ్ముతాను. ప్రొఫెషనల్ జట్లకు సంవత్సరాల తరబడి దొరికే ఈ నిలకడ నాలుగేళ్లలో ఆటగాళ్లు మారిపోయే కళాశాల జట్లకు దొరకడం కష్టం.

ఆ పద్ధతి సారం ఏమిటంటే, చూపించేది ఒకటి, చేసేది మరొకటి. బంతి కదలకముందు ఆరుగురో ఏడుగురో మీదికి దూకబోతున్నట్టు వరుసలో నిలబడతారు. బంతి కదలగానే వారిలో నలుగురే వెళతారు, తక్కినవారు వెనక్కి జారి పాస్ దారులను మూసేస్తారు. ఆ నలుగురు ఎవరన్నది ప్రతిసారీ మారుతుంది. వెనక ఇద్దరు సేఫ్టీలు లోతుగా నిలబడి ఒక ఏర్పాటును చూపిస్తారు, మరుక్షణం ఒకరు ముందుకు దిగి, ఇంకొకరు మధ్యలోకి జరిగి మరొక ఏర్పాటులోకి మారిపోతారు. కబడ్డీలో మంచి జట్టు కూతకు వచ్చినవాడికి ఎవరు కాలు పట్టబోతున్నారో చివరి క్షణం దాకా తెలియనివ్వదు. వాడు ఒక మూలను చూసి అడుగు వేసేసరికి పట్టు ఇంకొక వైపు నుంచి పడుతుంది. క్వార్టర్‌బ్యాక్ పరిస్థితి కూడా అదే. వరుసలో నిలబడి అతను లెక్కించుకున్న సమాధానం బంతి చేతికి అందేసరికి తప్పవుతుంది. మళ్లీ లెక్కించుకోవడానికి అతనికి రెండు సెకన్లకు మించి వ్యవధి ఉండదు.

అయితే ఎంత తెలివైన ఏర్పాటైనా ముందు వరుస నిలబడకపోతే కాగితానికే పరిమితం. నాకు ఈ జట్టులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఆ ముందు వరుస మధ్య భాగమే. మేసన్ గ్రాహం, కెనెత్ గ్రాంట్, క్రిస్ జెన్కిన్స్ అనే ముగ్గురు డిఫెన్సివ్ టాకిళ్లు అక్కడ ఉన్నారు. జెన్కిన్స్ సీనియర్ విద్యార్థి, అతని తండ్రి ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇదే స్థానంలో పేరు తెచ్చుకున్నవాడు. గ్రాహం, గ్రాంట్ ఇద్దరూ రెండవ సంవత్సరం విద్యార్థులు. గ్రాహం హైస్కూలులో కుస్తీ పట్టినవాడు, ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉందో చేతుల స్పర్శతోనే కనిపెట్టినట్టు ఆడతాడు. గ్రాంట్ బరువు 339 పౌండ్లు, అంటే 150 కిలోలకు పైమాటే. పెన్ స్టేట్ మ్యాచ్‌లో కేట్రాన్ ఆలెన్ అనే రన్నింగ్‌బ్యాక్ బంతితో తప్పించుకొని ఖాళీ మైదానంలోకి దూసుకుపోతుంటే, ఇంత బరువున్న గ్రాంట్ వెనక నుంచి పరిగెత్తి అతన్ని పట్టి పడగొట్టాడు. ఆ దృశ్యాన్ని ఈ వారమంతా మళ్లీ మళ్లీ చూశాను. అది వేగానికి మాత్రమే నిదర్శనం కాదు. తన పని అయిపోయిందని ఆగిపోవడానికి అన్ని కారణాలూ ఉన్న మనిషి ఆగకుండా పరిగెత్తడం ఈ జట్టు స్వభావాన్ని చెబుతుంది.

ఈ ముగ్గురి విలువ శాక్‌ల (పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) లెక్కలో కనిపించదు. వారిలో ఒక్కొక్కరిని ఆపడానికి ప్రత్యర్థి తరచుగా ఇద్దరిని కేటాయించవలసి వస్తుంది. అందువల్ల పరుగును ఆపడానికి మిషిగన్ అదనంగా ఒక సేఫ్టీని కిందికి దించనవసరం లేదు. ఆ సేఫ్టీ వెనకే ఉండి హ్యారిసన్ లాంటివాడు తలమీదుగా పోకుండా కాపు కాయగలడు. 2018లో, 2019లో లేనిది సరిగ్గా ఈ వెసులుబాటే. అప్పుడు పరుగును ఆపాలంటే పాస్‌ను వదలాలి, పాస్‌ను ఆపాలంటే పరుగును వదలాలి. 2018లో పాస్‌తో, 2019లో పరుగుతో ఒహాయో స్టేట్ ఆ రెంటినీ వాడుకుంది.

అంచుల నుంచి వచ్చేవారి సంగతీ చెప్పుకోవాలి. 2021లో ఏడన్ హచిన్సన్ 14 శాక్‌లతో మిషిగన్ జట్టు రికార్డు నెలకొల్పి, ఒహాయో స్టేట్ మీద ఒక్క రోజే 3 శాక్‌లు చేశాడు. మంచు రాలుతున్న ఆ రోజు స్టేడియంలో నేనూ ఉన్నాను. 42-27 స్కోరుతో గెలిచి, ఎనిమిది వరుస ఓటముల గొలుసు తెంచుకున్నాక మైదానంలోకి దిగిన జనసముద్రాన్ని మరిచిపోలేను. ఈ ఏడాది అలాంటి ఒక్క మహావీరుడు లేడు. జేలన్ హారెల్, బ్రేడన్ మెక్‌గ్రెగర్, జొసాయా స్టూవర్ట్, డెరిక్ మూర్ వంతులవారీగా వస్తారు, వంతులవారీగా విశ్రాంతి తీసుకుంటారు. దీన్ని లోటుగా రాసేవారున్నారు, నాకు మాత్రం ఇది బలంగానే తోస్తుంది. ఒక్క హచిన్సన్ ఉంటే అతని వైపు ఇద్దరిని నిలబెట్టి ఆటను మలుచుకోవచ్చు. నాలుగవ క్వార్టర్‌లో కూడా అలసట లేని కాళ్లతో దిగే నలుగురు ఉంటే ఎవరి వైపు ఎవరిని నిలబెట్టాలో తేల్చుకోవడం కష్టం.

వెనక భాగంలో మైక్ సెయిన్రిస్టిల్ కథ వేరుగా చెప్పుకోదగినది. హైతీలో పుట్టి మసాచుసెట్స్‌లో పెరిగిన ఇతను మూడు సీజన్లు రిసీవర్‌గా ఆడాడు. 2022లో జట్టు అవసరం కోసం డిఫెన్స్‌కు మారాడు. పాస్ పట్టేవాడి ఆలోచన తెలిసినవాడు కాబట్టి రిసీవర్ తిరగబోయే చోటును ముందే పసిగడతాడు. గత ఏడాది కొలంబస్‌లో ఎండ్ జోన్‌లో (గోల్ గీత అవతలి భాగంలో) ఒహాయో స్టేట్ ఆటగాడు కేడ్ స్టోవర్ చేతిలోకి చేరిపోతున్న బంతిని తన్నుకుపోయినట్టు తప్పించింది ఇతనే. ఈ సీజన్‌లో రట్గర్స్ మీద ఒకటి, మిషిగన్ స్టేట్ మీద ఒకటి, రెండు ఇంటర్‌సెప్షన్లను (మధ్యలో పట్టేసిన ప్రత్యర్థి పాస్‌లను) 70 గజాలకు పైగా మోసుకెళ్లి టచ్‌డౌన్లుగా మార్చాడు. విల్ జాన్సన్ మిన్నెసోటా మీద ఆట ఆరంభంలోనే అదే పని చేశాడు. సేఫ్టీలు రాడ్ మూర్, మకారి పేజ్ ఎక్కువగా వార్తల్లోకి రారు. సేఫ్టీల పేర్లు తక్కువ వినిపిస్తే డిఫెన్స్ బాగున్నట్టే లెక్క. రాడ్ మూర్ సొంత రాష్ట్రం ఒహాయో అన్న సంగతి ఈ వారానికి కొంచెం ఉప్పు జోడిస్తుంది. మధ్యలో జూనియర్ కోల్సన్, మైకేల్ బారెట్ అనే అనుభవజ్ఞులైన లైన్‌బ్యాకర్లు వరుసలను సర్దుతూ ఉంటారు.

ఈ అంకెల మీద ఉన్న ఆక్షేపణలను దాటవేయడం న్యాయం కాదు. మొదటిది, మిషిగన్ ఆడిన జట్లలో చాలా బలహీనమైనవి. నిజమే. ఈస్ట్ కరొలైనా, యు.ఎన్.ఎల్.వి., బౌలింగ్ గ్రీన్ జట్లతో సీజన్ మొదలైంది. ఒహాయో స్టేట్ మాత్రం సెప్టెంబరులోనే నోటర్‌డేమ్‌కు వెళ్లి చివరి క్షణాల్లో 17-14తో గెలిచి వచ్చింది. రెండవది, మిషిగన్ ఆట నిదానమైనది. రన్నింగ్‌బ్యాక్ బ్లేక్ కోరమ్ చేతికి బంతి ఇచ్చి గడియారాన్ని కరిగించే జట్టు కావడం వల్ల ప్రత్యర్థికి బంతి దక్కే అవకాశాలే తక్కువ. పెన్ స్టేట్ మీద వరుసగా 32 సార్లు పరుగు ఆటే ఆడారు. ఆ నిదానం డిఫెన్స్ అంకెలను కొంత అందంగా చూపిస్తుందన్నది ఒప్పుకోవలసిందే.

మూడవది అన్నిటికంటే తీవ్రమైనది. ఏ ఆట ఆడాలో చెప్పే ప్రత్యర్థి కోచ్‌ల సైగలను అక్రమంగా సేకరించారన్న ఆరోపణ అక్టోబరులో బయటపడింది, దాని పర్యవసానంగానే బిగ్ టెన్ హార్బాను సీజన్‌లోని చివరి మూడు మ్యాచ్‌లకు దూరం పెట్టింది. ఈ వ్యవహారాన్ని నేను తేలికగా తీసుకోను. విచారణ జరగాలి, తప్పు తేలితే శిక్ష పడాలి. అయితే అది బయటపడి, అందరూ సైగలు మార్చుకొన్న తరువాత జరిగిన మ్యాచ్‌లు మన ముందున్నాయి. నవంబరు 11న పెన్ స్టేట్ సొంత మైదానంలో, హార్బా లేకుండా, షెరోన్ మూర్ తాత్కాలిక కోచ్‌గా ఉన్న రోజున, క్వార్టర్‌బ్యాక్ డ్రూ ఆలర్‌కు 22 పాస్‌లలో దక్కింది 70 గజాలు. ఆ రోజు ఆలర్‌ను ఇబ్బంది పెట్టింది వరుసలో ఎవరు వస్తున్నారో తెలియకపోవడమూ, మధ్యలో గ్రాహం, గ్రాంట్ తన మీదికే లైన్‌ను తోసుకురావడమూ.

నాకు నిజంగా భయం కలిగించిన మ్యాచ్ దాని తరువాతది. గత శనివారం మేరీలాండ్ మీద గెలిచి మిషిగన్ 1000 విజయాలు సాధించిన మొదటి కళాశాల జట్టయింది. కానీ 31-24 స్కోరుతో ముగిసిన ఆ మ్యాచ్‌లో ఒక దశలో ఆధిక్యం 5 పాయింట్లకు పడిపోయింది. ఈ సీజన్‌లో మిషిగన్ ఇచ్చిన అత్యధిక పాయింట్లు ఆ 24. మేరీలాండ్ క్వార్టర్‌బ్యాక్ టాలియా టాగోవైలోవా బంతిని త్వరగా వదిలేశాడు, ఒత్తిడి చేరేలోపే పక్కకు కదిలాడు, మన ముందు వరుసకు పని చూపే వ్యవధి దక్కలేదు. డెరిక్ మూర్ ఫంబుల్‌ను (ప్రత్యర్థి చేతి నుంచి జారిన బంతిని) తీసుకొని టచ్‌డౌన్ చేయకపోయి ఉంటే, సెయిన్రిస్టిల్ రెండు పాస్‌లు పట్టకపోయి ఉంటే ఫలితం ఏమయ్యేదో. జట్టు మనసు అప్పటికే ఈ వారం మీదికి మళ్లిందని సమర్థించేవారున్నారు. నేను ఆ సమర్థనను అంగీకరించను. గత డిసెంబరు 31న సెమీఫైనల్‌లో టి.సి.యు. చేతిలో 51-45తో ఓడినప్పుడూ ఈ డిఫెన్స్ మొదటి ఎదురుదెబ్బ తరువాత తనను తాను సర్దుకోలేకపోయింది. ఆ బలహీనత పూర్తిగా పోయిందో లేదో మేరీలాండ్ మ్యాచ్ చెప్పలేదు.

ఒహాయో స్టేట్ ఏం చేస్తుంది? ర్యాన్ డే తెలివైన కోచ్. బిగ్ టెన్ మ్యాచ్‌లలో ఆయన ఓడిందే మిషిగన్ చేతిలో, 2021లో ఒకసారి, 2022లో ఒకసారి. ఆ రెండు ఓటముల భారం ఎంతటిదో కొలంబస్ నుంచి వచ్చే ప్రతి వార్తలోనూ తెలుస్తోంది. గత ఏడాది విరామ సమయానికి 20-17 ఆధిక్యంలో ఉన్న ఆయన జట్టును రెండవ సగంలో మింటర్ డిఫెన్స్ 3 పాయింట్లకే కట్టిపడేసింది. ఆ రెండవ సగాన్ని ఆయన ఏడాది పొడవునా చూసి ఉంటాడు. ఈసారి రన్నింగ్‌బ్యాక్ ట్రెవియాన్ హెండర్సన్ ఆరోగ్యంగా ఉన్నాడు, కాబట్టి మొదట పరుగుతోనే పరీక్షిస్తాడని నా అంచనా. హ్యారిసన్ ఇప్పటికే 1000 గజాలు దాటాడు. అతన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. అతనికి 100 గజాలు వచ్చినా కుప్పగా ఒక్కసారి రాకుండా చూడడమే సాధ్యమైన లక్ష్యం. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది స్టోవర్. లైన్‌బ్యాకర్లకూ సేఫ్టీలకూ మధ్య ఉండే ఖాళీలో నిలబడి, మూడవ ప్రయత్నంలో 7 గజాలు కావలసినప్పుడు 8 గజాలు తెచ్చే మనిషి అతను. హ్యారిసన్ వైపు సేఫ్టీ వాలినప్పుడల్లా ఆ ఖాళీ పెద్దదవుతుంది.

మరొక వైపు ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ కైల్ మెకార్డ్ ఉన్నాడు. 11 మ్యాచ్‌లలో 4 ఇంటర్‌సెప్షన్లే ఇచ్చిన జాగ్రత్తపరుడు. ఎదుట ఏముందో స్పష్టంగా కనిపించినప్పుడు అతని పాస్ ఎంతో ఖచ్చితంగా ఉంటుంది. అయితే కాళ్లతో తప్పించుకొనే అలవాటు అతనికి లేదు. టాగోవైలోవా మన నుంచి జారిపోయినట్టు ఇతను జారిపోలేడు, చుట్టూ గోడ కూలుతున్నా నిలబడే విసరాలి. ఈ డిఫెన్స్‌కు సరిపోయే ప్రత్యర్థి అలాంటివాడే.

ఈ పోటీ చరిత్ర డిఫెన్స్‌ల చరిత్రే. 1969 నుంచి 1978 వరకు మిషిగన్ కోచ్ బో షెంబెక్లర్, ఒహాయో స్టేట్ కోచ్ వుడీ హేస్ తలపడిన పదేళ్లలో 10-7, 14-11, 10-10, 12-10 వంటి స్కోర్లే కనిపిస్తాయి. 1950లో మంచు తుఫానులో కొలంబస్‌లో మిషిగన్ ఒక్క ఫస్ట్ డౌన్ (10 గజాలు పోయి మళ్లీ 4 అవకాశాలు పొందడం) కూడా సాధించకుండానే 9-3తో గెలిచింది. 1997లో చార్లెస్ వుడ్సన్ నడిపిన డిఫెన్స్ ఈ మ్యాచ్‌ను 20-14తో గెలిచి జాతీయ ఛాంపియన్‌షిప్‌ దాకా వెళ్లింది. ఆ డిఫెన్స్‌తో ఇప్పటిదాన్ని పోల్చడం తొందరపాటని పెద్ద అభిమానులు అంటున్నారు. వుడ్సన్ లాంటి ఒక్కడు ఇప్పుడు లేడన్నది వాస్తవం. కానీ లోతులో, అంటే రెండవ వరుస ఆటగాళ్ల నాణ్యతలో, ఇప్పటి జట్టు దానికి తీసిపోదని నేను వాదిస్తాను.

శనివారం నేను మొదట చూడబోయేది స్కోరును కాదు. ఒహాయో స్టేట్ ఆడే మొదటి పది పదిహేను ఆటల్లో మధ్య వరుస దగ్గర ఏం జరుగుతుందో చూస్తాను. హెండర్సన్ మొదటి ప్రయత్నంలో 2, 3 గజాలకు మించి వెళ్లలేకపోతూ, రాడ్ మూర్, పేజ్ ఇద్దరూ 12 గజాల వెనకే నిలబడి ఉంటే మింటర్ కోరుకున్న ఆట నడుస్తున్నట్టు. పరుగును ఆపడానికి వారిలో ఒకరు ముందుకు దిగవలసి వస్తే మాత్రం, హ్యారిసన్ ఉన్న వైపు విల్ జాన్సన్ ఒంటరివాడవుతాడు. ఒహాయో స్టేట్‌కు 20కీ 25కీ మధ్య పాయింట్లు వస్తాయని, అంతకు మించి రావని నా అంచనా. మెకార్డ్ చేతి నుంచి కనీసం ఒక్క బంతైనా ఈ డిఫెన్స్ లాక్కుంటుందని, అది సెయిన్రిస్టిల్, జాన్సన్, రాడ్ మూర్ ముగ్గురిలో ఒకరి చేతిలో పడుతుందని కూడా రాసి పెడుతున్నాను. మిగతాది మెకార్తీ, కోరమ్ చూసుకోవాలి.